సంచి మీద కుట్టిన అడ్రసు

మందు ఒకటో రోజు

ఈ పుస్తకం నర్సు ఎస్తేరు ఇచ్చింది. రత్నానికి రోజూ మందు వేశాక దగ్గు ఎన్నిసార్లు వచ్చింది, అన్నం ఎంత తిన్నది ఇందులో రాయమంది. నాది మూడో క్లాసు చదువు, తెలుగు కూడబలుక్కుని రాస్తాను గానీ ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదని ముందే చెప్పేశాను. తరవాత మాట రాకూడదు కదా. "మీకు ఎలా వస్తే అలా రాయండి మామ్మగారూ" అంది. అందుకని నాకు వచ్చినట్టే రాస్తున్నాను. దగ్గు ఎనిమిదిసార్లు. అన్నం సగం.

రత్నం అంటే నూకరత్నం, నా కోడలు. నా కొడుకు సముద్రపు గోడ కట్టే పనిలో నీళ్ళలోకి జారిపోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచి ఈ ఏడో స్తంభంలో, పదకొండో అంతస్తులో, ఇద్దరమే ఉంటున్నాం. స్తంభం కింద మూడంతస్తులు నీళ్ళలోనే ఉన్నాయి. రత్నం ఉప్పు తీసే ఫ్యాక్టరీలో గొట్టాలు కడుగుతుంది. ఆ పని ఉన్నన్నాళ్ళే ఈ గది, ఈ తాగునీళ్ళు.

రత్నానిది పొర జబ్బు అని ఎస్తేరు చెప్పింది. ఊపిరితిత్తుల మీద ఉప్పు పొర కడుతుందట. ఒకరి నుంచి ఒకరికి అంటదట. నలభై రోజులు వరసగా మందు వేస్తే పోతుందట. మధ్యలో తప్పితే మాత్రం మందు ఆ మనిషికి మళ్ళీ పట్టడం కష్టమట. ఇది ఎస్తేరు చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

ఫ్యాక్టరీ వాళ్ళకి తెలిస్తే నలభై రోజులు ఆగరు. జబ్బువాళ్ళని వదిలేసే మూడో గట్టుకి పడవ ఎక్కిస్తారు. మూడో గట్టు నుంచి తిరిగి వచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆసుపత్రి ఎవరికీ చెప్పకూడదని రూలుంది, మా నోట బయటికి రాదు అంది ఎస్తేరు. ఆ పిల్ల మొహం చూస్తే నమ్మకం కలిగింది. గుమ్మం దాటగానే ఆ నమ్మకం పోయింది. అది నా స్వభావం.

మందు మూడో రోజు

దగ్గు ఏడుసార్లు. అన్నం సగం.

మందు ఆసుపత్రిలో ఇవ్వరు. నాలుగో అంతస్తులో మిషను ఇస్తుంది, రెండు రోజులకి ఒక పొట్లం. ఆసుపత్రి ఇచ్చిన చీటీ మీద రత్నం అడ్రసు ఉంటుంది. ఆ అడ్రసు మిషను కంటికి చూపిస్తే చిన్న తలుపు తెరుచుకుని పొట్లం బయటికి వస్తుంది. గోడ తెరలు ఉన్నవాళ్ళు అదే అడ్రసు తెర మీద కొట్టుకుని తమ కాగితాలన్నీ ఇంట్లోనే చూసుకుంటారు. మాకు గోడ తెర లేదు.

నా బెంగ చీటీ గురించి. ఈ స్తంభంలో గాలంతా తడే. కాగితం మీద అచ్చు రెండు రోజులకి అలుక్కుపోతుంది. ఇవాళ చూస్తే మొదటి నాలుగు అక్షరాలు అప్పుడే నీలం మచ్చలైపోయాయి. చీటీ పోతే మందు పోయినట్టే.

ఇక్కడ ఆడవాళ్ళమంతా దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. నీళ్ళకైనా బియ్యానికైనా ఆ మిషను దగ్గరే గంటల తరబడి నిలబడలేం కాబట్టి సంచుల్ని వరసలో పెట్టి పైకి వచ్చేస్తాం. ఎవరి అడ్రసు వాళ్ళ సంచి మీద దారంతో కుట్టుకుంటాం. ముందు వచ్చినవాళ్ళు ఒక్కో సంచినీ మిషను కంటికి చూపించి నింపి పక్కన పెడతారు. కుట్టింది తడికి చెరగదు. నీళ్ళ అడ్రసు పొట్టిది: స్తంభం, అంతస్తు, తలుపు, అంతే. మావాళ్ళు వలలు అల్లి బతికినవాళ్ళు, నా వేళ్ళకి సూది కొత్త కాదు. ఈ అంతస్తులో సగం సంచులు నేను కుట్టినవే.

సాయంత్రం కూర్చుని రత్నం చీటీ చూసి పసుపు సంచి మీద ఎర్రదారంతో కుట్టాను. చాలా పొడుగు అడ్రసు, అంతా ఇంగ్లీషే. రెండు జానలు దాటి సంచి వెనక్కి తిరిగింది. అచ్చెలా ఉంటే అలా, గీతకి గీత, చుక్కకి చుక్క. అలుక్కుపోయిన నాలుగు అక్షరాలకీ ఎస్తేరు దగ్గరికి పరుగెత్తి ఇంకో చీటీ అచ్చు వేయించుకొచ్చాను. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మందు ఏడో రోజు

దగ్గు ఆరుసార్లు. అన్నం ముప్పాతిక. కాస్త నీరసం తగ్గినట్టుంది.

మందు వరసలో ఎవరి సంచిలో ఏముందో ఎవరూ అడగరు, నొప్పులకీ కళ్ళకీ కూడా అదే మిషను. ఇవాళ తొమ్మిదో అంతస్తు మరిడమ్మ నా సంచి ఎత్తి చూసి, కళ్ళజోడు లేకుండా ఇంత సన్నగా ఎలా కుట్టావు పిన్నీ అంది. పక్కనున్నావిడ నా పేరు పెట్టి, పేరంటాలు అడ్రసు కుట్టలేదు, చీర అంచు కుట్టుకుంది అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది.

మరిడమ్మ మొగుడు సింహాచలం కూడా ఫ్యాక్టరీలోనే చేస్తాడు. మరిడమ్మ నీళ్ళు రాకముందు కాకినాడలో బట్టల కొట్లో బిల్లులు రాసేది. మంచిది. నాకు మోకాలు పట్టేస్తే నా సంచి కూడా తనే పైకి మోసుకొచ్చింది రెండుసార్లు.

మందు పదకొండో రోజు

దగ్గు నాలుగుసార్లు. అన్నం ముప్పాతిక.

ఇవాళ మెట్ల మీద మరిడమ్మ ఎదురై, మెల్లగా, "రత్నానికి ఊపిరెలా ఉంది పిన్నీ" అని అడిగింది.

జలుబు అనలేదు, దగ్గు అనలేదు. ఊపిరి అంది. నేను బాగుందని చెప్పి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. రత్నం పని నుంచి రాగానే నువ్వు ఎవరితోనన్నా అన్నావా అని నిలదీశాను.

"నేనెందుకంటాను అత్తా. నా పీక నేనే కోసుకుంటానా? నువ్వే ఎక్కడో వాగుంటావు. నీ కడుపులో మాట ఆగదు కదా."

నేను ఒట్టేశాను. అదీ ఒట్టేసింది. ఇద్దరం తినకుండా కూర్చున్నాం. ఈ ఇంట్లో ఇద్దరమూ చెప్పకపోతే తెలిసింది ఇంకొక్కరికే.

మందు పదమూడో రోజు

దగ్గు నాలుగుసార్లు.

ఆసుపత్రి పెద్దాయన గదికి వెళ్ళాను. ఎస్తేరు మా ఇంటి గుట్టు బయట పెట్టిందని చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆయన ఏదో రాసుకున్నాడు, వేలిముద్ర వేయమన్నాడు, నేను సంతకమే చేశాను.

తిరిగొస్తుంటే వరండాలో ఎస్తేరు కనిపించి, పొట్లం తీసుకున్నారా మామ్మగారూ అని అడిగింది. నేను మొహం తిప్పుకున్నాను.

మందు పదిహేనో రోజు

దగ్గు మూడుసార్లు. అన్నం పూర్తిగా తిన్నది.

ఎస్తేరుని పదహారో స్తంభానికి పంపేశారట. అక్కడ ఆసుపత్రి పడవలో ఉంటుంది. ఆమె కుర్చీలో ఒక గుమస్తా కూర్చున్నాడు. మంచిదే అయింది అనుకున్నాను. అనుకున్న మాట అనుకున్నట్టే రాస్తున్నాను.

మందు పదిహేడో రోజు

మందు లేదు.

పొద్దున్నే సంచి వరసలో పెట్టి, పది గంటలకి వెళ్ళి మిషనుకి చూపించాను. తలుపు తెరుచుకోలేదు. సంచి సర్ది మళ్ళీ చూపించాను. మిషను ఆడగొంతుతో, ఈ అడ్రసుకి ఈ రోజు మందు ఇచ్చేశాం అంది. నాకివ్వలేదు తల్లీ అని మిషనుతో అన్నాను. వెనకున్నవాళ్ళు తప్పుకోమన్నారు.

గుమస్తా దగ్గరికి పరుగెత్తాను. ఉదయం ఆరూ పదికి ఇచ్చినట్టు రాసుంది, మీ ఇంట్లోనే ఎవరో తెచ్చుకుని ఉంటారు, వెతుక్కోండి అన్నాడు. మా ఇంట్లో ఇద్దరమే అన్నాను. ఆ టైముకి రత్నం ఫ్యాక్టరీలో ఉంది. ఇంకో పొట్లం ఇవ్వమని చేతులు పట్టుకున్నాను. మిషను ఇచ్చానంటే నేను ఇవ్వలేను అన్నాడు. ఎస్తేరు అయితే ఏదో చేసేదని అప్పుడనిపించింది.

మందు పద్దెనిమిదో రోజు

మందు లేదు. దగ్గు తొమ్మిదిసార్లు.

మా పక్క గదిలో గంటయ్య ఉంటాడు. ఒకప్పుడు కరెంటు ఆఫీసులో మీటర్లు చూసేవాడు. మా ఆయనకి వరసకి తమ్ముడు. ఇంగ్లీషు చదువుతాడు, గోడ తెర కూడా ఉంది. ఇక దాచి లాభం లేదని సంచి పట్టుకెళ్ళి, మిషను ఈ అడ్రసుని ఎందుకు తప్పు పడుతోందో చూడు, కుట్టులో ఎక్కడో గీత తప్పానేమో అన్నాను.

ఆయన సంచిని ఒళ్ళో పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. వెనక్కి తిప్పి చదివాడు.

"కుట్టు తప్పలేదొదినా. తప్పినా బాగుండును" అన్నాడు.

తరవాత ఒక్కో ముక్క దగ్గరా వేలు పెట్టి చెప్పాడు. ఇది ఆసుపత్రి పేరు. ఇది మన తలుపు నంబరు. ఇది రత్నం పేరు, ఇంటిపేరుతో సహా. ఇది దాని వయసు. ఇది ఫ్యాక్టరీ నంబరు. ఇది జబ్బు పేరు. ఇక సంచి వెనకవైపు పొడుగ్గా ఉన్న ఈ అంకెలన్నీ తాళంచెవి.

తాళంచెవేమిటి, అది అడ్రసు కదా అన్నాను.

"అడ్రసులోనే తాళంచెవి పెట్టేసేరు ఆ ఆసుపత్రోళ్ళు. ఇదంతా ఎవరు కొట్టినా మిషను ఆళ్ళనే రత్నం అనుకుంటది. మందిచ్చేత్తది. కాగితాలన్నీ తెరిసి సూపిత్తది. అడగదు, నువ్వెవరని."

ఆయన గోడ తెర మీద కొట్టి చూపించాడు. ఏ గుర్తూ అడగకుండానే వచ్చేసింది. రత్నం ఫోటో, ఊపిరితిత్తుల బొమ్మ, నేను రాసిచ్చిన దగ్గుల లెక్క అన్నీ అందులో ఉన్నాయి. పరాయి ఇంటి గోడ మీద నా కోడలు ఎదుర్రొమ్ము బొమ్మ అలా నిలబడింది. తీసెయ్యి, తీసెయ్యి అన్నాను.

నీళ్ళ అడ్రసు కుట్టినట్టే దీన్నీ కుట్టి నలుగురిలో పెట్టాను. పదిహేను రోజులు.

ఇంటికొచ్చి బ్లేడుతో దారమంతా విప్పాను. అప్పుడు గంటయ్య గుమ్మంలోకి వచ్చి ఇంకో మాట చెప్పాడు. మిషను తన కంటికి కనబడిన ప్రతి అడ్రసూ మొత్తం రాసి పెట్టుకుంటుందట. నీళ్ళ లెక్క కోసం ఆ రాత పదిహేను రోజులకోసారి ఫ్యాక్టరీ గేటు ఆఫీసుకి పోతుందట. నీళ్ళ అడ్రసులతో పాటు మందు అడ్రసులూ పోతాయి, వాటిని ఎవరూ వేరు చెయ్యరు.

"అంటే నేను కుట్టకపోయినా..."

"కుట్టకపోయినా గేటుకి పోయేదే. కుట్టేవు కాబట్టి గేటు కంటే ముందు ఇంకెవరికో తెలిసింది."

ఆ మాటతో నాకు ఊరట కలగాలని చెప్పాడో, కలగకూడదని చెప్పాడో తెలియదు. ఎస్తేరు నోరు విప్పలేదు. అది మాత్రం తెలిసింది.

మందు పంతొమ్మిదో రోజు

తెల్లారేసరికి నేనే మిషను ముందు నిలబడ్డాను, గంటయ్య రాసిచ్చిన చీటీతో. పొట్లం దొరికింది. దగ్గు పదిసార్లు.

గుమస్తా దగ్గరికి వెళ్ళి అడ్రసు మార్చమన్నాను. అర్జీ పెట్టండి, తొమ్మిది రోజులు పడుతుంది అన్నాడు. అర్జీలో పాత అడ్రసు పూర్తిగా రాయాలట. ఆ అర్జీని కిటికీ పక్కన బోర్డుకి గుచ్చుతారట, వరస అందరికీ తెలియడానికి. నేను అర్జీ కాగితం మడిచి రొంటిన పెట్టుకుని వచ్చేశాను.

రెండు రోజులు తప్పిందని మీరంటున్నారు కాబట్టి లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాం, ఇంకో నలభై రోజులు మందు వస్తుంది అని అతనే చెప్పాడు. పట్టుకుంటుందా అని అడిగాను. కొందరికి పట్టుకుంటుంది అన్నాడు.

ఈ పుస్తకంలో మాత్రం నా పాత లెక్కే సాగిస్తాను. దీన్ని ఇక ఆసుపత్రికి చూపించను. వాళ్ళకి దగ్గుల లెక్క వేరే చీటీ మీద రాసిస్తాను.

మందు ఇరవై ఒకటో రోజు

ఆరు కాకముందే వెళ్ళాను. నాకంటే ముందు మరిడమ్మ ఉంది. చేతిలో సంచి లేదు, చిన్న కాగితం ఉంది. నన్ను చూసి దాన్ని గుప్పిట్లో నలిపింది.

నేను అరవలేదు. అరిస్తే జనం వస్తారు, జనం వస్తే ఎందుకని అడుగుతారు. దగ్గరికెళ్ళి, నువ్వేనా అన్నాను.

"వరసలో నీ సంచి పక్కనే నా సంచి ఉండేది పిన్నీ. సదవకూడదనే అనుకున్నాను. బిల్లులు రాసిన కళ్ళు, ఊరుకోలేదు" అంది.

సింహాచలానికి కూడా అదే జబ్బు. నెల రోజులుగా దుప్పట్లో మొహం పెట్టుకుని దగ్గుతున్నాడట. పరీక్షకి వెళ్తే పేరు ఎక్కుతుందని వెళ్ళలేదు. రత్నం మందు పదహారో రోజున అతనికి నెత్తురు పడిందట. మర్నాడు తను మిషను దగ్గరికి వచ్చింది.

"మెట్ల మీద నిన్ను అడిగేను కదా, ఊపిరెలా ఉందని. మందు పనిసేత్తందో లేదో తెలుసుకుందారని అడిగేను. నువ్వు బాగుందన్నావు."

నా కోడలికి రెండు రోజులు తప్పించావే అన్నాను.

"ఒక్క పొట్లవే పిన్నీ. ఒక్క పొట్లానికి ఇలాగవుద్దని నాకు తెలవదు." మళ్ళీ, "నువ్వు ఎవరికన్నా సెప్తే నేనూ సెప్పాలి. ఆ గతి పట్టించకు నన్ను" అంది.

బెదిరించినట్టు అనలేదు. ఏడుస్తూ అంది. అందుకు నాకు ఇంకా భయమేసింది. నేను నా చీటీ మిషనుకి చూపించి పొట్లం తీసుకున్నాను. అది పక్కకి తప్పుకుని నిలబడింది. మెట్లెక్కుతున్నంతసేపూ వెనక్కి చూడలేదు.

రత్నంతో చెప్పాను. అది తిడుతుందనుకున్నాను. గోడకి ఆనుకుని, "సింహాచలం మావ పాపం, గొట్టాల్లోకి దిగాల్సొత్తే నన్ను ఆపి తను దిగేవోడు" అంది. తరవాత మందు మింగింది.

దగ్గు ఎనిమిదిసార్లు.

మందు ఇరవై మూడో రోజు

పొట్లం తెచ్చాను. దగ్గు ఏడుసార్లు. తగ్గుతోంది. మళ్ళీ పట్టుకుంటున్నట్టే ఉంది.

మధ్యాహ్నం గేటు ఆఫీసు వాళ్ళు మెట్ల గోడకి కాగితం అంటించారు. పదిహేను రోజుల లెక్కలో కనిపించిన పొర జబ్బు మనుషులు, మొత్తం స్తంభంలో పదకొండు మంది. పేర్లు రాయలేదు. అడ్రసులు ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేశారు. పేరు, వయసు, జబ్బు, తాళంచెవి అన్నీ వాటిలోనే ఉన్నాయి కదా. నేను చదవలేను గానీ మా అడ్రసు గుర్తుపట్టాను. నా వేళ్ళతో కుట్టిందే. పై నుంచి నాలుగోది.

సింహాచలానికి అడ్రసు లేదు. అతను ఆ కాగితం మీద లేడు.

మందు ఇరవై నాలుగో రోజు

పడవ తొమ్మిదింటికి వచ్చింది.

రత్నం రెండు చీరలు, దువ్వెన, మిగిలిన ఒక్క మాత్ర మూటగట్టుకుంది. నేనూ వస్తానన్నాను. జబ్బు లేనివాళ్ళని ఎక్కించరట. నాదే జబ్బు, పేరు తప్పు పడింది అని గేటు మనిషితో చెప్పాను. అతను కాగితం చూసి, నీకు ఇరవై తొమ్మిదేళ్ళా ముసలమ్మా అన్నాడు. నవ్వలేదు, విసుక్కోలేదు. మామూలుగానే అన్నాడు.

రెండు రోజులకోసారి పొట్లం పంపించవచ్చా అని అడిగాను. బియ్యం తప్ప గట్టు మీదికి ఏదీ వెళ్ళదు అన్నాడు.

ఆ సంచి నేనే కుట్టాను, నన్ను క్షమించమని రత్నంతో ఎలా అనాలో తెలియక దాని మూట ముడి విప్పి మళ్ళీ కడుతూ నిలబడ్డాను. అదే అంది, పడవలో కాలు పెట్టాక.

"నా పొట్లాలు మరిడమ్మత్తకి ఇచ్చెయ్యి. పారబొయ్యకు."

నేను ఇవ్వను అన్నాను. "నీ ఇట్టం" అంది. మెట్ల మీద నుంచి ఎవరో దగ్గారు. ఎవరని ఎవరూ తల తిప్పి చూడలేదు. పడవ వెళ్ళిపోయింది.

మందు ఇరవై ఐదో రోజు

ఏ రోజని రాయాలో తెలియలేదు. అలవాటు కొద్దీ రాశాను.

పొద్దున్నే మిషను దగ్గరికి వెళ్ళాను. చీటీ చూపించాను. తలుపు తెరుచుకుంది, పొట్లం వచ్చింది. రత్నం గట్టు మీద ఉందని మిషనుకి తెలియదు. ఆసుపత్రికీ తెలియదు. గేటు ఆఫీసు ఆసుపత్రికి చెప్పదు, ఎందుకంటే ఆసుపత్రి గేటుకి ఏమీ చెప్పకూడదని రూలు కాబట్టి గేటుకి ఏమీ తెలియనట్టే లెక్క. ఇది గంటయ్య చెప్పాడు. నాకు రెండుసార్లు చెప్పించుకుంటే గానీ అర్థం కాలేదు.

మిషను దగ్గర మరిడమ్మ లేదు. నేను తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడి ఒకసారి వెనక్కి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను. అది తలుపు తీసి నా చేతిలో పొట్లం చూసి నేల మీద కూర్చుండిపోయింది. లోపల సింహాచలం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎముకలు కనబడుతున్నాయి.

ఇది ఎవరి మందో అతనికి తెలుసా అని అడిగాను. తెలుసంది. మొదటి పొట్లం అప్పుడు తెలిసి మింగనన్నాడట. ఇవాళ నేను తలగడ దగ్గర కూర్చుని నోట్లో వేశాను. మింగాడు. నా కళ్ళలోకి చూడలేదు.

మందు ముప్పై తొమ్మిదో రోజు

గది ఖాళీ చెయ్యమని ఇంకా ఎవరూ రాలేదు. పడవ పదిహేను రోజులకోసారి వస్తుంది. ఇవాళ బియ్యం ఎక్కించడానికి వచ్చింది. పడవవాణ్ణి రత్నం గురించి అడిగాను. చాలామంది ఉన్నారు, ఎవరు రత్నమో నాకు తెలియదు అన్నాడు. పసుపు రవిక, ఎడమ చెంప మీద మచ్చ అని చెప్పాను. చూస్తానన్నాడు. బియ్యం బస్తాలు లెక్కపెట్టుకుంటూ అన్నాడు ఆ మాట.

రెండు రోజులకోసారి గుమస్తాకి దగ్గుల చీటీ ఇవ్వాలి. ఇవ్వకపోతే మందు ఆపేస్తారు. సింహాచలం దగ్గులు లెక్కపెట్టి రత్నం పేరు మీద ఇస్తున్నాను. ఇవాళ గుమస్తా చీటీ చూసి, మీ కోడలికి మందు బాగా పట్టిందండీ అన్నాడు. సంతోషంగానే అన్నాడు. నేను తల ఊపాను.

సాయంత్రం గంటయ్య గదికి వెళ్ళి అడ్రసు కొట్టమన్నాను. వద్దొదినా అన్నాడు. కొట్టమన్నాను. తెర మీద రత్నం ఫోటో వచ్చింది. కింద గీత ఒకటి, ఎత్తు నుంచి పల్లానికి దిగుతోంది. అది దగ్గు తగ్గుతున్న గీత అని చెప్పి ఆయన కిటికీవైపు తిరిగాడు. నేను ఆ ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎవరైనా చూడొచ్చు ఆ ఫోటో, నేనూ చూడొచ్చు.

ఇవాళ దగ్గు మూడుసార్లు. అన్నం పూర్తిగా తిన్నాడు, ఇంకొంచెం అడిగాడు. చీటీ మీద రత్నం పేరు రాశాను.